గంజాయి లోను

నేరం చేసినవాడు ఒప్పుకోడు. ఎక్సైజు శాఖలో చేరిన కొత్తలోనే పెద్దవాళ్ళు మాకు నూరిపోసిన పాఠం ఇది. సారా పీపా మీద తానే కూర్చొని, "నీళ్ళు సార్, గంగమ్మ తల్లి మీద ఒట్టు" అనే మనుషులను చూసి చూసి నేనూ దాన్ని నమ్మాను. రిటైరయ్యే రోజులు దగ్గరపడ్డాక ఆ పాఠం ఒకే ఒక్కసారి తలకిందులైంది. చెయ్యని నేరాన్ని ఒక ఊరు ఊరంతా ఆధార్ జిరాక్సులు పట్టుకొని, వరసలో నిలబడి ఒప్పుకుంది. పైగా పక్కవాడి నేరం కంటే తన నేరమే పెద్దదని కొట్లాడుకుంది.

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికొచ్చి, "సార్, మీ సర్వీసులో పెద్ద కేసు ఏది?" అని అడుగుతుంటారు. తుపాకులూ, ఛేజింగులూ వినబడతాయని వాళ్ళ ఆశ. నేను హెడ్ కానిస్టేబులుగా రిటైరైనవాణ్ణి. ఛేజింగు అంటే ఉదయగిరి కొండ కింద సారా బట్టీ కోసం వెతుకుతుంటే ఒక పొట్టేలు నన్ను తరమడమే నాకు గుర్తు. అందుకని ఎవరడిగినా ఈ కేసే చెబుతాను.

అప్పుడు మా వైపు గంజాయి కొత్తగా పాకుతూ ఉంది. సారా సంగతి మాకు కొట్టిన పిండి. బెల్లం ఎవరు ఎక్కువ కొంటున్నారో అడిగితే చాలు, బట్టీ ఎక్కడుందో తెలిసిపోతుంది. గంజాయి అలా కాదు. ఎక్కడో కొండల్లో పండుతుంది, ఎన్ని చేతులో మారుతుంది, చివరకు ఆత్మకూరు బస్టాండు వెనక కుర్రాళ్ళ జేబుల్లో చిన్న పొట్లమై తేలుతుంది. ఆ పొట్లం పట్టుకొచ్చిన కుర్రాణ్ణి పట్టుకోగలిగేవాళ్ళం గానీ, వాడికిచ్చిందెవరో మాకు అంతుపట్టేది కాదు.

ఆ సమయంలో ఒక యూనివర్సిటీ నుంచి ఒకమ్మాయి వచ్చింది. చిన్న ఊళ్ళకు గంజాయి ఎలా చేరుతుంది, ఎవరమ్ముతారు, ఎవరు కొంటారు అనే దాని మీద ఆమె పరిశోధన. సాయం చెయ్యమని పైనుంచి మాటొచ్చింది. మా సీఐ గారు స్టేషనంతా కలియజూసి నన్ను ఎంచుకున్నారు. నేను ఈ నేలవాణ్ణనీ, మనుషులు నాతో మాట్లాడతారనీ చెప్పారు. ఖాళీగా ఉన్నది నేనొక్కణ్ణే అన్నది అసలు కారణం.

అమ్మాయి నెమ్మదస్తురాలు. నెత్తిన టోపీ, భుజాన నీళ్ళ సీసా. మొదటి రోజే నాతో, "అంకుల్, నేను పేర్లు రాసుకోను. ఎవరేం చెప్పినా ఎవరికీ చెప్పను. మీరు కూడా డిపార్టుమెంటు అని తెలియకూడదు" అంది. నేను సరేనని పంచె కట్టుకొని వెళ్ళాను. దుత్తలూరులో జీపు దిగానో లేదో, టీకొట్టాయన లోపల్నుంచి కేకేశాడు.

"ఏంది హెడ్డు గారూ, ఈ పొద్దు పంచె కట్టినారు? ఇంట్లో ఏమన్నా కార్యమా?"

ఇక అక్కడ ఎవరు నోరు విప్పుతారు? కలిగిరిలోనూ అదే తంతు. "గంజాయా? అదేంది సార్? మా పక్క పండదే!" అని ఆశ్చర్యపోయినవాళ్ళలో అంతకు ముందే నేను కేసు పెట్టినాయన కూడా ఉన్నాడు. వారం తిరిగేసరికి అమ్మాయి ముఖం వాడిపోయింది. నన్నెవరూ ఎరగని ఊరు కావాలంది. సోమశిల జలాశయం అంచున ఒక చిన్న పల్లె ఉంది, అక్కడ నేనెప్పుడూ పని చెయ్యలేదు. సరే పదమన్నాను.

ఆ పల్లె వాళ్ళు డ్యాము కట్టినప్పుడు పాత ఊరు మునిగి మెట్టకు వచ్చినవాళ్ళు. సగం మంది చేపలు పడతారు, సగం మంది కూలికి పోతారు. డ్యాము నాటినుంచీ వాళ్ళను సర్వే చెయ్యని ఆఫీసు లేదు. ఇళ్ళు రాసుకుపోయారు, పశువులను రాసుకుపోయారు, చెట్లను కూడా రాసుకుపోయారు. కలం, కాగితం పట్టుకున్న మనిషి కనబడితే ఆ ఊరి కుక్కలు కూడా మొరగవు.

మొదటి రోజు అక్కడా ఏమీ దొరకలేదు. మధ్యాహ్నం చేపల ఏజెంటు మమ్మల్ని భోజనానికి పిలిచాడు. ఊళ్ళోవాళ్ళు పట్టిన చేపలు కొని, ఐసు పెట్టెల్లో సర్ది, ఆత్మకూరుకు వ్యానులో పంపే పెద్దమనిషి ఆయన. ఆయన ఇంట్లో చేపల పులుసు గురించి నేను వేరే వ్యాసం రాయగలను. మా పని విని ఆయన చెవులు మూసుకున్నాడు.

"రామ రామ! ఈ ఊర్లో ఒక్కడు తాగడు సార్, నాది పూచీ. తాగేవాళ్ళంతా ఆత్మకూర్లో ఉండారు గానీ, ఇక్కడ యాడుండారు?"

అమ్మాయి ఆ మాట రాసుకుంది. నేను ఇంకో ముక్క వడ్డించుకున్నాను.

మేము భోజనం చేస్తున్నంతసేపూ మా డ్రైవరు బయట వేపచెట్టు కింద ఉన్నాడు. మా డ్రైవరు మంచివాడే. నోరొక్కటే మంచిది కాదు. ఎవరో ఒకావిడ వచ్చి, "ఎందుకు రాసుకుంటుండారు నాయనా?" అని అడిగిందట. తెలియదని చెప్పడం వాడికి చేతకాదు. "ఊరికే రాసుకుంటారా? తాగేవాళ్ళ చేత, అమ్మేవాళ్ళ చేత మానిపించేదానికి. ఏదో ఒకటి వస్తాదిలే" అన్నాడు.

ఇక్కడ మీకు ఒక పాత సంగతి చెప్పాలి. అంతకు ముందు, సారా కాసేవాళ్ళు ఆ పని మానుకుంటే బర్రెలు కొనుక్కోవడానికి లోన్లు ఇచ్చారు. మంచి పనే. కానీ కాసినవాళ్ళకు బర్రెలొచ్చాయి, ఏనాడూ కాయనివాళ్ళకు పేడ కూడా రాలేదు. ఈ పల్లెలో ఎవరూ కాయలేదు. పక్క ఊరి బర్రెలు తమ కళ్ళముందే మేస్తుంటే వాళ్ళు అప్పటినుంచీ కుమిలిపోతున్నారు. నిజాయితీ ఎంత నష్టమో ఆ ఊరికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

మర్నాడు పొద్దున మేము జీపు దిగేసరికి ఊరంతా రచ్చబండ దగ్గర వరసలో ఉంది.

మొదట నిలబడ్డాయన దండం పెట్టి, "రాసుకోమ్మా, నేను గంజాయి మనిషిని" అన్నాడు.

అమ్మాయి కళ్ళు మెరిశాయి. "ఎలా వాడతారు?" అని అడిగింది. ఆయన తడబడి వెనక్కి తిరిగి పెళ్ళాం వైపు చూశాడు. ఆమె కాస్త ముందుకొచ్చి, "ఉల్లిగడ్డేసి వేపుడు చేస్తానమ్మా. పిలకాయలకు కారం తక్కువేస్తా" అంది.

ఆ తరవాత ఇద్దరు బావామరుదులు. బావ రోజుకు రెండుసార్లు అన్నాడు, బామ్మర్ది మూడన్నాడు. బావకు కోపమొచ్చింది.

"నీకు నేర్పించింది ఎవర్రా? నా కంటే ఎక్కువ చెప్తుండావే!"

ఇంకొకావిడ కళ్ళొత్తుకుంటూ వచ్చింది. "మా ఆయనకు ఏ అలవాటూ లేదమ్మా. బీడీ కూడా ముట్టడు. ఆయన్ని కట్టుకొని నేను చెడిపోయినా. ఆ పక్కింటామె అదృష్టవంతురాలు, వాళ్ళాయనకు అన్నీ ఉండాయి" అని వాపోయింది.

కిలో ధర ఎంతని అడిగితే ఒక్కొక్కరూ ఒక్కో కూరగాయ ధర చెప్పారు. వరస చివరకు ఒక అవ్వ వచ్చింది. కర్ర పక్కన పెట్టి, కొంగు సర్దుకొని, తీరుబడిగా కూర్చుంది. తాగేవాళ్ళకంటే అమ్మేవాళ్ళకు లోను పెద్దదని ఆమెకు ఎవరో చెప్పినట్టున్నారు.

"మా మనమడు అమ్ముతాడు అమ్మణ్ణీ. చిన్నా చితకా గాదు, హోల్‌సేలు. నెల్లూరు దాకా వాడి పేరు చెప్తే చాలు."

"ఇప్పుడు ఎక్కడున్నాడు అవ్వా?"

"ఆత్మకూర్లో. యాపారం ఆడ గదా!" అంది అవ్వ. ఊరంతా ఆమె వైపు అసూయగా చూసింది.

అమ్మాయి కలం మూసేసింది. వచ్చి జీపెక్కింది. తరవాత నవ్వడం మొదలుపెట్టి, ఆపుకోలేక, కళ్ళనీళ్ళు తుడుచుకుంది. "అంకుల్, వీళ్ళు చెప్పిందంతా అబద్ధం. మొత్తం ఊళ్ళో తెలిసినట్టు మాట్లాడింది నిన్న ఆ ఏజెంటు ఒక్కడే" అంది. ఆ మాట అప్పుడు నా తలకెక్కలేదు. పులుసు ఎక్కినంత తొందరగా మాటలు ఎక్కవు నాకు.

ఇదంతా ఇంతటితో అయిపోవాల్సింది. కానీ డ్రైవరున్నాడే! ఆత్మకూరులో టీకొట్టు దగ్గర నిలబడి, తాను ఒక గంజాయి కోటను చూసొచ్చాననీ, అక్కడ ఒక ముసలామె మనమడు నెల్లూరు దాకా హోల్‌సేలు చేస్తాడనీ చెప్పాడు. టీ చల్లారేలోగా మాట సీఐ గారి చెవిన పడింది.

మా సీఐ గారు కొత్తగా వచ్చారు, పని మీద ఆకలిగా ఉన్నారు. అమ్మాయిని పిలిచి వివరాలడిగితే ఆమె, "పేర్లు రాసుకోలేదు సార్, రాసుకున్నా ఇవ్వను" అంది. నేను అడ్డం పడ్డాను.

"సార్, అది లోను కోసం చెప్పిన మాట. వాళ్ళు గంజాయిని వేపుడు చేసుకుంటామన్నారు."

"ఏందయ్యా హెడ్డూ, సొంత అవ్వే చెప్తుంటే నువ్వు కాదంటావు? రేపు పొద్దున రెయిడు" అన్నారాయన.

ఆ సాయంత్రం ఒక కుర్రాడు మా ఇంటి గుమ్మంలో నిలబడ్డాడు. చెమటకు చొక్కా ఒంటికి అంటుకుపోయింది. వాడే అవ్వ మనమడు. ఆత్మకూరులో ఒక ఎరువుల కొట్లో మూటలు మోస్తూ చదువుకుంటున్నాడు. వాడి నోట మాట వచ్చేసరికి మా ఆవిడ రెండు గ్లాసుల నీళ్ళిచ్చింది.

"సార్, నేను కానిస్టేబులు సెలక్షనయినా. రన్నింగు, పరీక్ష అన్నీ పాసయినా. ఇంక వెరిఫికేషనే ఉండాది. ఈ ముసల్ది నేను గంజాయి యాపారినని చెప్పిందంట. కేసు పడితే ఇంక నాకు ఉజ్జోగం ఉండదు సార్. అమ్మా నాయనా పోయినాక నన్ను సాకింది అదే. ఇప్పుడు అదే నా గొంతు కోసింది."

సర్వీసులో ఎందరినో లోపల వేయించాను, దానికి నిద్ర చెడగొట్టుకోలేదు. కానీ ఏ పాపమూ ఎరగని పిల్లవాడు, వాడి అవ్వ ప్రేమకే బలయిపోతాడంటే భయమేసింది. సీఐ గారికి ఫోను చేస్తే, "అంత అమాయకుడైతే రేపు ఊళ్ళో ఉండమను" అన్నారు. ఉండమనే చెప్పాను. పారిపోతే తప్పు చేసినట్టే అవుతుందని వాడికి నచ్చజెప్పాను.

తెల్లవారాక రెండు జీపుల్లో బయలుదేరాం. సాక్షులుగా రెవెన్యూ వాళ్ళు కూడా ఉన్నారు. ఊరి పొలిమేరలో జీపులు ఆపి, ఇటు సగం అటు సగం చుట్టుముట్టి, విజిలేసి ఒక్కసారిగా లోపలికి ఉరికాం.

ప్రభుత్వ జీపులు, అందులోనూ రెవెన్యూ వాళ్ళు! లోను మంజూరయిందనుకున్నారు. మేము ఊళ్ళోకి ఉరికేలోగా వాళ్ళు వరసలోకి ఉరికారు. ఆధార్ జిరాక్సులు, బ్యాంకు పాసుపుస్తకాలు, పాస్‌పోర్టు సైజు ఫోటోలు బయటికొచ్చాయి. ఎవరో సీఐ గారికి నిమ్మకాయ సోడా కూడా తెచ్చారు.

"ఎవరూ కదలొద్దు!" అని అరిచారు సీఐ గారు.

"కదలం సార్. కదిల్తే లైను పోతాది గదా" అన్నాడు ముందున్న బావ.

సోదా మొదలైంది. నా సర్వీసులో అంత సహకారం ఎప్పుడూ చూడలేదు. వద్దన్నా తలుపులు తీశారు. "అటక మీద చూడలేదు సార్", "మా ఇంటికి ఇంకా రాలేదు, మమ్మల్ని వదిలేస్తారా ఏంది?" అని పిలిచి పిలిచి వెతికించారు. ఒకావిడ కొత్తిమీర కట్ట తెచ్చి చూపించి, "ఇది పనికొస్తాదా సార్?" అని అడిగింది. గంజాయి ఆకు కాదు గదా, బీడీ ముక్కలు కూడా సరిగ్గా దొరకలేదు.

ఇదంతా చేపల ఏజెంటు తన ఇంటి అరుగు మీద నిలబడి చూస్తున్నాడు. మాకు టీలు పంపించాడు. "మొన్ననే చెప్పినా గదా సార్, ఈ ఊర్లో ఏమీ లేదని. ఎండన పడి మీరెందుకు తిరగడం? నా వ్యానుకు టయిమయింది, కాస్త దారిస్తే పంపించుకుంటా" అన్నాడు.

సీఐ గారి ముఖం కందగడ్డ అయింది. ఇంత బలగంతో వచ్చి వట్టి చేతులతో పోవడం ఆయనకు ఇష్టం లేదు. వరస పక్కనే తల దించుకొని నిలబడ్డ కుర్రాణ్ణి చూపించి, "వీడేనా మనమడు? ముందు వీణ్ణి జీపెక్కించండి. స్టేషన్లో మాట్లాడదాం" అన్నారు. ఒక కానిస్టేబులు వాడి రెక్క పట్టుకున్నాడు. వాడు నా వైపు చూసిన చూపు నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

అవ్వ ముఖం మాత్రం వెలిగిపోయింది. ఊరందరిలోకీ తన మనమడికే ముందొచ్చింది! కర్ర పొడుచుకుంటూ సీఐ గారి ముందుకొచ్చి రెండు చేతులూ జోడించింది.

"సల్లగుండు నాయనా. మా వాడికిచ్చినారు, సంతోషం. కానీ మాకు మాత్రమే ఇచ్చి ఆయనకు ఇయ్యకపోతే నాకు పాపం తగల్తాది" అంటూ అరుగు మీదున్న ఏజెంటును చూపించింది. "ఆయన పేరు కూడా రాసుకోండి. పాపం మొగమాటస్తుడు, నోరు తెరిచి అడగడు."

ఏజెంటు గబగబా అరుగు దిగాడు. "ఈమెకు మతి లేదు సార్" అన్నాడు.

"మొగమాటపడబాకయ్యా! మేమంతా నోటి మాటకు చెప్పినాం గానీ, నిజంగా చేసేది నువ్వే గదా? ఐసు పెట్టెల్లో చేపల కింద సర్ది ఆత్మకూరుకు పంపిస్తావే! ఎత్తి వ్యానులో పెట్టేది మన పిలకాయలే గదా? అసలు అర్హుడు నువ్వే!"

వరస మొత్తం గొంతు కలిపింది. "అవును సార్, ఆయనకు రాకపోతే అన్యాయం." "మాకు రెండో విడతలో ఇచ్చినా పర్వాలేదు, ఆయనకు ముందియ్యండి." ఎంత పెద్ద మనసు ఆ ఊరిది!

అందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అంటారు. ఊరంతా తాగుతామని ఒట్టేస్తుంటే, ఎవరూ తాగరని పూచీ పడ్డ ఒకే ఒక్క మనిషిని నేను అప్పుడు తేరిపార చూశాను. ఎవరు తాగుతారో ఎవరు తాగరో అంత కచ్చితంగా ఎవరికి తెలుస్తుంది? అమ్మేవాడికి తెలుస్తుంది. అమ్మాయి జీపులో అన్న మాట నా తలకెక్కేసరికి నేను వ్యాను దగ్గరికి నడుస్తున్నాను.

మూడో పెట్టెలో, చేపల కింద, ఐసు కింద, ప్లాస్టిక్ కవర్లో గట్టిగా చుట్టిన పొట్లాలు బయటపడ్డాయి. ఇన్నాళ్ళూ మాకు అంతుపట్టని దారి మా ముక్కు కిందనుంచే, చేపల వాసనలో పోతూ ఉంది. కుర్రాడి రెక్క వదిలేసి కానిస్టేబుళ్ళు ఏజెంటును పట్టుకున్నారు. ఆయన్ని జీపెక్కిస్తుంటే వెనకనుంచి బామ్మర్ది అడిగాడు.

"మొదటి విడతలో ఆయన ఒక్కడికేనా సార్?"

సీఐ గారు నవ్వాపుకోలేక తిరిగి నిలబడి, తెచ్చిన నిమ్మకాయ సోడా తాగేశారు.

ఏజెంటు ఎక్కిన జీపు కదిలాక నేను ఆగి అవ్వకు అసలు సంగతి చెప్పాను. లోనూ లేదు, బర్రెలూ లేవు, నీ మనమడు ఎక్కబోయింది జైలు జీపని చెప్పాను. ఆమెకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కర్ర జారిపోయింది. నేల మీద కూలబడి రెండు చేతులతో నోటి మీద కొట్టుకుంది. "నా నోటితో నేనే నా బిడ్డకు గొయ్యి తవ్వినానా నాయనా!" అని ఏడ్చింది. కుర్రాడు పక్కన కూర్చొని, "పోనీలే అవ్వా, తవ్విందీ నువ్వే, పూడ్చిందీ నువ్వే" అన్నాడు. వాడికీ ఏడుపే వచ్చింది. నేను జీపు వైపు చూస్తూ నిలబడ్డాను. ఉద్యోగస్తుడు ఊళ్ళో ఏడవకూడదు కదా.

కాస్త తేరుకున్నాక, ఏజెంటు సంగతి మొదటి రోజే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"ఆ అమ్మణ్ణి 'మీరు ఏం చేస్తారు' అని అడిగింది గానీ, 'నిజంగా ఎవరు చేస్తారు' అని అడగలేదే" అంది కళ్ళు తుడుచుకుంటూ. ఈ మాట అమ్మాయికి ఫోనులో చెప్పాను. ఆ ఒక్క మాట కోసం తన ప్రశ్నలన్నీ మళ్ళీ రాసుకుంటానంది.

తరవాత కుర్రాడి వెరిఫికేషనుకు వచ్చిన పోలీసాయన ఆ ఊళ్ళోనుంచే నాకు ఫోను చేశాడు.

"అన్నా, ఇదేం ఊరన్నా? నేను అడక్కముందే లైన్లో నిలబడినారు. పిల్లోడు బీడీ కూడా ముట్టడని అందరూ ఒకే పాట. నాకు అనుమానంగా ఉండాది."

"ఎవరన్నా ఒక్కరు కాదన్నారా?"

"లేదన్నా."

"అయితే నిజమే. రాసుకో" అన్నాను.

కుర్రాడికి ఉద్యోగమొచ్చింది. ట్రైనింగుకు పోయేముందు మా ఆవిడకు దండం పెట్టి, నాకు మాత్రం సెల్యూట్ కొట్టాడు. సరిగ్గా కుదరలేదు గానీ, నాకు అంత బాగా ఇంకెవరూ కొట్టలేదు.

సమాచారం ఇచ్చినవాళ్ళకు మా శాఖలో బహుమానం ఉంటుంది. నేనూ సీఐ గారూ రాసి పంపితే చాన్నాళ్ళకు అవ్వకు మంజూరైంది. అది గుట్టుగా ఇవ్వాలి, ఎవరికీ తెలియకూడదు. ఊరంతా చూస్తుండగా ఊరంతా కలిసి చెప్పిన సంగతికి గుట్టేమిటో నాకు తెలియదు గానీ, రూలు రూలే. నేనే పోయి అవ్వ చేతిలో పెట్టి, ఎవరికీ చెప్పొద్దని మూడుసార్లు చెప్పాను. మనమడికి బూట్లు కొంటానని మురిసిపోయి, ఎవరికీ చెప్పనని మూడుసార్లు ఒట్టేసింది.

మర్నాడు పొద్దున ఆత్మకూరులో మా ఇంటి ముందు గోలగా ఉంటే తలుపు తీశాను. ఊరంతా వరసలో ఉంది, జిరాక్సులతో సహా. అవ్వకు గంజాయి లోను వచ్చిందట, తమ సంగతేమిటని అడగడానికి మొదటి బస్సుకే వచ్చేశారు. మా ఆవిడ టీకి నీళ్ళు పెట్టింది, గ్లాసులు చాలక పక్కింటికి పరిగెత్తింది.

వరస చివర, తువ్వాలు తలకు చుట్టుకొని, బెయిలు మీద బయటికొచ్చిన ఏజెంటు నిలబడి ఉన్నాడు.

"నువ్వెందుకొచ్చినావయ్యా?" అన్నాను.

"అసలు అర్హుణ్ణి నేనే గదా సార్?"